తలనొప్పి మనిషికి ఓటెయ్యొచ్చా?

ఇప్పుడు నాకు నొప్పి ఎప్పుడో ఒకసారి వస్తుంది. వచ్చినా ఒక పూట పడుకుంటే వదిలిపోతుంది. గోడవైపు తిరిగి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, వీధిలో లారీ హారను మోగినప్పుడల్లా పళ్ళు బిగబట్టిన రోజులు వెనకబడ్డాయి. అందుకే ఇది రాయగలుగుతున్నాను. ఇలాంటి నొప్పితో ఎక్కడో ఒక గదిలో పడుకున్నవాళ్ళు చదివితే, తమకు పిచ్చి పట్టలేదనీ, తాము నటించడం లేదనీ ధైర్యం తెచ్చుకుంటారని ఒక ఆశ. ఇంకో కారణం కూడా ఉంది. ఈ జబ్బు పుణ్యాన మా ఊరి సర్పంచ్ ఎన్నికల్లో నాకొక ప్రశ్న ఎదురైంది. దాని జవాబు వెతుక్కుంటూ పోయి, నేను అనుకోని చోట తేలాను.

మా ఊరు ఎర్రగుంట్లకు దగ్గర. పేరు రాయను. ఇందులో ఉన్నవాళ్ళంతా ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు, మా అంగడికి వస్తూ పోతూ ఉన్నారు. మాది బట్టల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. నేనూ మా ఆయనా, మా అత్తా, కూతురు రమ్యా. సిమెంటు దుమ్ముతో తెల్లబడిన మిద్దెలు, వీధంతా పరిచిన నాపరాళ్ళు. మధ్యాహ్నం ఎండ ఆ రాళ్ళ మీద పడి తిరిగి మొహాన కొడుతుంది. తలనొప్పి మనిషి కాపురం చెయ్యాల్సిన ఊరు కాదు అది.

మొదటిసారి 2001లో వచ్చింది. ఒకామెకు చీర విప్పి చూపిస్తున్నాను. అంచులో సగం కనబడలేదు. చిరిగిందేమో అనుకుని చేత్తో తడిమాను, బాగానే ఉంది. తలెత్తి చూస్తే ఆమె మొహంలో ముక్కు ఉంది, నోరు ఉంది, ఒక కన్ను లేదు. లేనిచోట పగిలిన గాజుపెంకు అంచులాంటి వెలుగు వంకరలు తిరుగుతూ మెరుస్తోంది. కళ్ళు పోతున్నాయని హడలిపోయాను. కాసేపటికి చూపు తిరిగొచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు కుడి కంటి వెనక నొప్పి మొదలైంది.

ఆ తర్వాత అది వారం వారం చుట్టంలా వచ్చింది. పెద్దవాళ్ళు పార్శ్వపునొప్పి అన్నారు. మా అత్త శొంఠి గంధం తీసి పట్టు వేసింది, దిష్టి తీసింది, చెయ్యని వైద్యం లేదు. మా ఆయన మొదట్లో జాలిపడ్డాడు. తర్వాత విసుక్కున్నాడు.

"అంగడి నిండా జనం ఉన్నప్పుడే వస్తాదేం నీకు?" అన్నాడు ఒకరోజు.

ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధించింది. కానీ తర్వాత ఆలోచిస్తే ఆయన చూసింది అబద్ధం కాదు. జనం, వెలుతురు, రకరకాల గొంతులు, వేళకు తిండి లేకపోవడం, ఇవన్నీ కలిసిన రోజే వచ్చేది. నేను నన్నే గమనించడం మొదలుపెట్టాను. నొప్పికి ముందు రోజు ఊరికే ఆవలింతలు వచ్చేవి. బెల్లం తినాలనిపించేది. ఎన్నడూ లేనిది అలమరలన్నీ సర్దేదాన్ని. నాకు తెలియకముందే నా ఒంటికి తెలిసిపోయేది. భయంతోపాటు ఇదొక వింతగా కూడా ఉండేది నాకు. నా తలలోనే ఇంకెవరో కాపురం ఉంటున్నట్టు, వాళ్ళు బయల్దేరే ముందు సామాను సర్దుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తున్నట్టు.

రమ్య అప్పటికి చిన్నది. బడి నుంచి వచ్చి, గది తలుపు మూసి ఉంటే, గడప దగ్గరే కాళ్ళ పట్టీలు తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చేది. దానికి అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

2003లో కర్నూలు వెళ్ళాం. అక్కడ నరాల డాక్టరు మంచివాడని ఎవరో చెప్పారు. ప్రొద్దుటూరులో బస్సెక్కి, నంద్యాల మీదుగా పోయేసరికి నా తల చేతిలో పెట్టుకుని మోస్తున్నట్టుంది. ఆస్పత్రి హాలు నిండా జనం. నెత్తిన గుడ్డ బిగించి కట్టుకున్న ముసలాయన, కొంగు మొహం మీద కప్పుకున్న అమ్మాయి, గోడకు తల ఆనించిన పోలీసాయన. పైన ట్యూబులైటు ఒకటి టపటపా ఆరుతూ వెలుగుతోంది. అది ఆరి వెలిగినప్పుడల్లా నా కన్ను ఎవరో పొడిచినట్టయ్యేది. అందరూ తలలు వంచుకుని భరిస్తున్నారు.

ఎదురు బెంచీలోంచి ఒకామె లేచింది. నలభై దాటిన మనిషి, మంచి చీర. ఎవరినీ అడగకుండా పోయి స్విచ్చి ఆపేసింది. హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

కాంపౌండరు వచ్చి, "ఎవరమ్మా లైటు తీసేసింది?" అని కసిరాడు.

"నేనేనప్పా. ఈడ కూర్చున్నోళ్ళల్లో లైటు కావాలన్నోళ్ళు ఒక్కరుంటే చెప్పు, మళ్ళీ వేస్తా" అంది.

పోలీసాయన కళ్ళు మూసుకునే, "వద్దమ్మా, వద్దు" అన్నాడు.

ఆమె పేరు రాజేశ్వరి. మాట కలిపితే తెలిసింది, మా ఊరి ఆమే. పెద్ద రెడ్ల ఇల్లు, సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతారు. ఒకే ఊళ్ళో ఉండి, ఒకే జబ్బుతో పడుకుని, కర్నూలు దాకా వస్తే గానీ ఒకరికొకరం తెలియలేదు. పదిహేనేళ్ళ వయసు నుంచి ఉందట ఆమెకు. "నాకు ఇంకోటి కూడా ఉండాది. వచ్చే ముందర మాట తప్పిపోతాది. నీళ్ళు అనబోతే ఉప్పు అంటా. ఇంట్లో నవ్వుతారు. నేనూ నవ్వుతా, ఏం జేసేది" అంది.

లోపల డాక్టరు ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక మా ఆయన గొంతు తగ్గించి, "సార్, ఇది నిజ్జంగానే ఉంటాదా?" అని అడిగాడు.

"మీ భార్య నటిస్తుందా అని అడుగుతున్నారా?"

మా ఆయన తల వంచుకున్నాడు.

"ఇది ప్రాణం తీసేది కాదు. అట్లని చిన్నదీ కాదు. వేళకు తిండి, వేళకు నిద్ర, రోజూ మాత్ర. ఉపవాసాలు మాత్రం వద్దు" అన్నాడు డాక్టరు.

బస్టాండుకు పోతూ దారిలో మా ఆయన ఒక బండి దగ్గర ఆగి నల్ల కళ్ళద్దాలు కొన్నాడు. నా చేతిలో పెట్టాడు. బస్సులో ఎండ పడని వైపు సీటు పట్టి, నా కోసం చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఉపవాసాల సంగతి ఇంట్లో పెద్ద గొడవవుతుందని భయపడ్డాను. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు తప్పదు. విషయం చెప్పేసరికి మా అత్త, "సరేలే. నీ ఒక్కపొద్దు కూడా నేనే ఉంటా. దేవుడికి లెక్క సరిపోతాది" అంది. ఆమె ఉన్నది ఒక్కపొద్దు ఒక్కటే కాదు. నేను మంచం పట్టిన రోజుల్లో గల్లా దగ్గర కూర్చున్నదీ ఆమే. అప్పట్లో నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు.

మాత్రలు మెల్లగా పనిచేశాయి. 2005 నాటికి వారం వారం వచ్చేది నెలకు రెండు మూడుసార్లకు దిగింది.

2006లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరు ఆడవాళ్ళకు రిజర్వైంది. రాజేశ్వరక్క నామినేషన్ వేసింది. ఇంకోవైపు నారాయణమ్మ. ఆమెదీ స్తోమత ఉన్న కుటుంబమే. ఆరోగ్యంగా ఉండే మనిషి, బిందె చంకనెత్తుకుంటే చూడముచ్చటగా ఉండేది.

నాలుగు రోజులు తిరగకముందే ఊళ్ళో మాట పుట్టింది. రాజేశ్వరమ్మకు తలకాయ జబ్బంట. కర్నూల్లో చూపించుకుంటుందంట. మూర్ఛలంట. ఒకరు పిచ్చి అని కూడా అన్నారు. ఆ మాటలన్నీ తిరిగి తిరిగి మా అంగడికి చేరేవి. నాదీ అదే జబ్బని అందరికీ తెలుసు మరి.

మొదట అడిగింది ముంతాజ్. వెనక వీధిలో ఉంటుంది, రవికెలు కుట్టే మనిషి, లైనింగు గుడ్డకు వస్తుంది. ఆ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడింది కూడా. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"అక్కా, నీకు తెలిసినట్ల ఇంకెవరికి తెలుస్తాది? ఆ నొప్పుండే మనిషి సర్పంచి పని చేయగల్దా? నాకు ఆమె మీద కోపమేం లేదు. మా వీధికి నీళ్ళు రాకపోతే, ఆ దినం ఆమె పండుకోనుంటే, నేను యాడికి పోవల్ల?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అడ్డం వచ్చాడు. ముంతాజ్ వెళ్ళాక, "మన అంగడికి రెండు పక్కలోళ్ళూ రావల్ల. నువ్వు ఏం చెప్పినా ఒకరికి పగ. నోరు తెరవొద్దు" అన్నాడు.

తెరవలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చెయ్యగలదు అందామా? నొప్పి లేని రోజు నేను ఎవరికన్నా తక్కువ పని చేశానా? లేదు. పైగా, పోయిన పని పూడ్చుకోవాలని రెండింతలు చేసేదాన్ని. చెయ్యలేదు అందామా? నొప్పి ముదురుతున్నప్పుడు నేనెలా ఉంటానో నాకు తెలుసు. ఒకసారి ఒకామె పట్టుచీరకు మరీ అన్యాయంగా బేరమాడితే, ఆమె గొంతు ఆగితే చాలని అడిగిన ధరకే ఇచ్చేశాను. ఆ సమయంలో నా ముందు ఏ కాగితం పెట్టినా సంతకం చేసి ఉండేదాన్ని. సర్పంచ్ సంతకానికి ఊరు విలువుంటుంది. ముంతాజ్ అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఆమెకు జవాబు చెప్పడమంటే నా గురించి నేను తీర్పు చెప్పుకోవడమే. అందుకే మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం మా అత్త వక్కాకు వేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, నాలాంటి మనిషి చేతికి ఊరు అప్పజెప్పచ్చంటావా?"

ఆమె నవ్వింది. "అంగడి అప్పజెప్పినాం గదా."

"నొప్పొచ్చిన దినం అంగడి నడపల్యా గదా నేను."

"అంగడి మూసినామా? ఒక్క దినమన్నా మూసినామా?"

"లేదు. నువ్వు కూర్చుంటివి."

"ఆఁ. అంతే మరి. నాకు జరమొస్తే నువ్వు కూర్చోల్యా? తలకాయ నొప్పి సంగతి వాళ్ళకేంటికి? ఆమె లేని దినం ఎవరు కూర్చుంటారో అడగమను. అది తెలిస్తే సాలు."

ఇన్నాళ్ళూ నేను నొప్పి వైపు నుంచే చూస్తున్నాను. మా అత్త గల్లా వైపు నుంచి చూసింది.

రెండు రోజుల తర్వాత రాజేశ్వరక్క చీర కొనే మిషతో అంగడికి వచ్చింది. లోపలి గదిలో కూర్చుంది. మొహం వాడిపోయి ఉంది.

"ఏం చేయమంటావు వేణీ? లేదని చెప్పమంటారు మా ఇంట్లో. పిచ్చి అని ప్రచారం చేస్తాండారు. ఉండాది అని చెప్తే ఓడిపోతా. లేదంటే అబద్ధం."

"అక్కా, నేనొకటి అడుగుతా, ఏమనుకోవద్దు. నొప్పొచ్చిన దినం మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

ఆమె విప్పిన చీరను మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. కొంగు, అంచు కలిపి, నలిగిపోకుండా. మా అంగడి పని ఆమె అంత నేర్పుగా చేస్తుంటే చూస్తూ ఉండిపోయాను.

"ఇంకెవరు? మా ఆయనే" అంది చివరికి. "నొప్పి లేని దినం కూడా ఆయనే కూర్చోవల్లని ఉండాది. నాకు జబ్బుండేది ఆయనకు శానా సులువు మే. ఎవరన్నా అడిగితే, దానికి తలనొప్పి, పండుకోనుంది అని చెప్పొచ్చు గదా."

నా నొప్పిని మా ఆయన నమ్మలేదని నేను ఏడ్చాను. ఆమె నొప్పిని వాళ్ళాయన కావలసినదానికంటే ఎక్కువే నమ్మాడు.

పోలింగు వారంలో మా అంగడి ముందు వీధిలోనే ఆమె ఆడవాళ్ళతో మాట్లాడటానికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. జీపు మీద మైకు గీపెడుతోంది. ఆమె భర్త కేశవరెడ్డి జీపు పక్కన నలుగురితో నిలబడి ఉన్నాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఆమె మాట్లాడబోయే ముందు ఒకసారి ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. ఒక కన్ను చికిలించి, ఎదురుగా ఉన్న ఒక మనిషిని పక్కకు జరిగి జరిగి చూసింది. ఆ మనిషి మొహంలో సగం ఆమెకు కనబడటం లేదని నాకు తెలుసు.

"అమ్మల్లారా, మీ వీధికి ఉప్పు తెప్పించే బాధ్యత నాది" అంది రాజేశ్వరక్క.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఉప్పే వచ్చింది. వెనక ఎవరో పకపకా నవ్వారు. "చెప్పల్యా? తలకాయ చెడిందని చెప్పల్యా?" అని ఒక గొంతు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దు" అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఏం చూశాడో, చెయ్యి వదిలేశాడు.

వీధిలోకి దిగాను. "మైకు ఆపండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇది పిచ్చి గాదు, మూర్ఛ గాదు. నాకూ ఇదే జబ్బు, మీ అందరికీ తెలుసు. ఈమెకు నీళ్ళు అనే మాట దొరకడం లేదు, అంతే. మీరు చెప్పేదంతా అర్థమవుతాది. ఇంకాసేపటికి తలెత్తలేదు. రేపటికి మళ్ళీ మామూలు మనిషి. నేను మీకు చీరలు అమ్మలేదా? మీ చిల్లర మీకు ఇయ్యలేదా?"

నవ్వులు ఆగాయి. ముంతాజ్ ముందుకు వచ్చింది. ఆమె కళ్ళలో వెటకారం లేదు.

"సరే అక్కా. నేను ఆమెనే అడుగుతా. అమ్మా, ఇట్లాంటి దినం నీళ్ళు రాకపోతే మేం ఎవరింటికి పోవల్ల?"

కేశవరెడ్డి చప్పున, "నేను లేనా? నా కాడికి రాండి" అన్నాడు.

రాజేశ్వరక్క చెయ్యెత్తింది. మాట కోసం వెతుక్కుంటోంది. చెమటతో మొహం తడిసిపోయింది. ఎన్నో మాటలు చెప్పాలని ఉండి, దొరికిన రెండింటిని పట్టుకున్నట్టుగా అంది.

"ఆయన కాదు."

ఆమె ఆగి, ఊపిరి తీసుకుని, ముంతాజ్ భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "ఆయన కాదు. నువ్వు."

ముంతాజ్ వార్డు మెంబరుగా నిలబడి ఉంది కదా. కేశవరెడ్డి మొహం ఎర్రబడింది. జీపెక్కి వెళ్ళిపోయాడు, భార్యను అక్కడే వదిలేసి. నేనూ ముంతాజూ ఆమెను పట్టుకుని మా ఇంట్లోకి తెచ్చాం. బట్టల మూటలు పెట్టే గదిలో కిటికీ లేదు. అక్కడ దుప్పటి పరిచి పడుకోబెట్టాం. నోరు తెరవొద్దన్న మా ఆయన అంగడి షట్టరు సగం దించి, వచ్చినవాళ్ళకు వేలు నోటికి అడ్డం పెట్టి చూపించి, గుసగుసగా బేరాలాడాడు. పొద్దు వాలాక ఆమె లేచి మజ్జిగ తాగింది.

"ఏమన్నాను నేను?" అని అడిగింది.

చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మాట తప్పి అనింటానా, తెలిసే అనింటానా?"

"మీకే తెలియల్ల అక్కా."

"తెలిసే అన్నాలే" అంది మెల్లగా. "బాగున్నప్పుడైతే అనలేకపోయేదాన్ని."

పోలింగు రోజు నేనెవరికి వేశానో మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాజేశ్వరక్కకే వేశాను. ఆమెకు నా జబ్బే ఉందని జాలిపడి కాదు. తను లేని రోజున ఏమవుతుందో ఊరి ముందు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమె ఓడిపోయింది. పెద్ద తేడా ఏం లేదు. అయినా ఓటమి ఓటమే. చాలామంది ఆడవాళ్ళు, "పాపం మంచిదే, కానీ ఆ నొప్పితో యాడ చేస్తాది" అన్నారు. ముంతాజ్ గెలిచింది. కేశవరెడ్డి భార్యతో మాట్లాడటానికి చాలా కాలం పట్టింది. ఇంటి విషయాలు నేను అడగలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత కర్నూలుకు ఇంట్లోవాళ్ళ తోడు లేకుండా పోయి రావడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు నేనూ ఆమే కలిసి పోయేవాళ్ళం. బస్సులో ఇద్దరం నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే జనం తిరిగి తిరిగి చూసేవాళ్ళు.

నారాయణమ్మ సర్పంచ్ అయింది. పంచాయతీ ఆఫీసులో ఆమె భర్త కూర్చున్నాడు. మొదటి రోజు నుంచీ ఆయనే. నీళ్ళు రాకపోతే ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. ఆయన వస్తాయిలే అనేవాడు. సంతకాలకు కాగితాలు ఇంటికి పోయి వచ్చేవి. ఆమె ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. జబ్బు లేదు కదా, అడగడానికి ఒక కారణం ఉండాలి కదా. నేనూ అడగలేదు. ఒక మనిషి లేకపోవడం అంత మామూలుగా కలిసిపోతుందని నాకప్పుడే తెలిసింది.

పోయిన ఏడాది, 2008లో, ఆమె మా అంగడికి వచ్చింది. చెల్లెలి కూతురి పెళ్ళికి చీరలు కావాలంది. మా ఆయన భోజనానికి పోయాడు. అంగట్లో మేమిద్దరమే. కొన్ని చూసింది, పక్కన పెట్టింది. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పొద్దు మీ అంగడి ముందర రాజేశ్వరమ్మను ఏమో అడిగినారంట గదా. ఏమనడిగినారు?"

"నొప్పొచ్చిన దినం ఎవరింటికి పోవల్లని ముంతాజ్ అడిగిందమ్మా."

"ఆమేం చెప్పింది?"

"మా ఆయన కాదు అనింది."

నారాయణమ్మ చీర అంచు మీద వేలితో గీస్తూ కూర్చుంది. సర్పంచ్ అయ్యాక ఆమె బాగా ఒళ్ళు చేసింది. మొహం మాత్రం ఎప్పటిలాగే ఆరోగ్యంగా ఉంది.

"నన్ను ఎవరూ అడగల్యా" అంది. "మా వీధిలో కూడా మీటింగు పెట్టినారు. పూలదండలేసినారు, ఫొటో తీసినారు. ఒక్కరు కూడా నన్ను ఏమీ అడగల్యా. నాకు ఏ రోగమూ లేదు గదా."

"అడిగింటే ఏం చెప్పేవాళ్ళు?"

బయట ఒక లారీ పోయింది, గాజు బీరువాలు అదిరి సద్దుమణిగాయి.

"ఏమో మే" అంది చివరికి. "ఆ మాట నేను ఇంతవరకూ అనుకోనేలేదు. ఇప్పుడే అనుకుంటాండా."

చీరలు తీసుకోకుండానే లేచింది. గడప దగ్గర చెప్పులు వేసుకుని ఆగింది. ఇంటివైపు పోవాలంటే ఎడమకు తిరగాలి. ఆమె కుడివైపు, పంచాయతీ ఆఫీసు ఉన్న వైపు, చాలాసేపు చూస్తూ నిలబడింది.